నడక సర్వీసు ట్రిప్ షీటు

నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన సాయంత్రం మా ఇంట్లో కుట్టుమిషను నడుస్తోంది. మా ఆవిడ ఎవరివో డజను చొక్కాలకు కాలర్లు వేస్తోంది. ఆ మిషను నడిచేటప్పుడు పక్కనే పిడుగు పడినా కుట్టు తెగిందేమో అని చూసుకుంటాం తప్ప బయటికి తొంగి చూడం. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తూ, మా అత్తగారు కూర్చున్న కుర్చీ పక్కనే నిలబడి, సంగతంతా రెండు ముక్కల్లో చెప్పేశాను.

"నన్ను ఆపేశారు."

అసలే కాస్త చెవుడున్న అత్తగారు చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఏమన్నావు అల్లుడూ? ఆఫీసరా?"

"ఆఫీసరు కాదత్తయ్యా. ఆపేశారు."

"అదేలే. ఆఫీసరే."

అంటూ లేచి, వరండాలోకి వెళ్ళి, కింద ఇస్త్రీ బండి అతన్ని పిలిచి, మా అల్లుణ్ణి ఆఫీసర్ని చేశారయ్యా అని మూడంతస్తులకూ వినపడేలా చెప్పారు. నేను రెండో చెప్పు విడిచేలోగా నాకు ప్రమోషన్ వచ్చేసింది.

ఇరవై రెండేళ్ళు సిటీ బస్సులో కండక్టర్ని. చెయ్యెత్తిన ప్రతివాడి కోసం బస్సును ఆపినవాణ్ణి. డ్రైవరు పక్కనే టికెట్ కొట్టే యంత్రం పెట్టి, నన్ను చెయ్యెత్తకుండానే ఆపేశారు.

మిషను ఆగాక మా ఆవిడకు అసలు సంగతి చెప్పాను. ఆమె చేతిలో కాలరును కాసేపు అటూ ఇటూ తిప్పి, "మా అమ్మకి నేను చెప్పలేను. మీరే చెప్పుకోండి" అంది.

మూలన మంచం మీద పుస్తకం అడ్డం పెట్టుకుని మా మరదలు అప్పటికే నవ్వుతోంది.

"నిరుద్యోగ శాఖలో ఆఫీసర్నని చెప్పుకో బావా. అబద్ధం ఆడిన పాపమూ ఉండదు, రోజూ ఆఫీసుకు పోయే పనీ ఉండదు."

రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు పొద్దున ఇస్త్రీ అతను నా చొక్కా తెచ్చి, చేతులకు కత్తిలాంటి మడత పెట్టి, "ఆఫీసరు గారికి ఇలా ఉండాలండి" అన్నాడు. అంత పదునైన మడత చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక మరదలి సంగతి చెప్పాలి. ఆ ఎండాకాలమంతా మా ఇల్లు తిరిగింది ఆమె కార్డు చుట్టూనే. రక్తపరీక్షలు చేసే చదువు చదివింది. చిన్నతనంలోనే ఎడమకాలు పట్టు తప్పింది, చంకకర్రతో నడుస్తుంది. ఉపాధి ఆఫీసులో పేరు రాయించుకుని తొమ్మిదేళ్ళు. అక్కడ పిలుపు వరుస ప్రకారం వస్తుంది. పేరు రాయించుకున్ననాడు నాలుగు వేల చిల్లరలో ఉన్న ఆమె నంబరు, జరిగి జరిగి ఆ వేసవికి పదకొండుకు వచ్చింది. పెద్దాసుపత్రిలో పదిహేను ఖాళీలు పడబోతున్నాయని పేపర్లో వేశారు. షరతు ఒక్కటే. నెలలో ఒక్కొక్కరికి ఒక్కో సోమవారం, ఆమెకు మొదటిది; ఆ రోజు పది గంటల్లోపు మనిషి స్వయంగా వెళ్ళి కార్డు మీద హాజరు వేయించుకోవాలి. మూడుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ నాలుగు వేల దగ్గర మొదలు.

తొమ్మిదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆఫీసు మా వెనక వీధిలోనే ఉండేది మరి. ఆ వేసవి మొదట్లో దాన్ని ఊరవతలికి మార్చారు. కొత్త భవనం, పెద్ద అద్దాలు, ముందు పూలకుండీలు. వ్యాధి వస్తే ఆసుపత్రి నడిబొడ్డునే ఉంది, ఉపాధి కావాలంటే మాత్రం ఊరు దాటాలి. బస్సు చివరి స్టేజీలో దిగి ఇంకో మైలు చెట్టన్నది లేని రోడ్డు మీద నడవాలి. మొదటి బస్సు తొమ్మిదింబావుకు చేరుతుంది. తొమ్మిదింటి నుంచే టోకెన్లు ఇస్తారు. ఉండేవి అరవై. సొంత బండి మీద వచ్చినవాళ్ళు తీసేసుకోగా మిగిలినవి మనకు. ఉద్యోగం లేదని చెప్పుకోవడానికి బండి ఉండాలి, బండి ఉండాలంటే ఉద్యోగం ఉండాలి. అవి టోకెన్లు కావు, టోకరాలు.

మార్చిన నెలలోనే మరదలికి మొదటి హాజరు పోయింది. రెండో నెల మొదటి సోమవారం నేనూ బయల్దేరాను, ఆమెకు తోడుగానూ, నా పేరు రాయించుకోవడానికీ.

"ఆఫీసుకేనా అల్లుడూ?" అని అడిగారు అత్తగారు.

"ఆఫీసుకే అత్తయ్యా." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఎక్కింది నా బస్సే. డ్రైవరు అద్దంలో నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. ఊరికే కూర్చుని ప్రయాణం చెయ్యడం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. చొక్కా జేబులో చివరి రోజు నాటి ట్రిప్ షీట్ల పుస్తకం మిగిలి ఉంది. ఏ స్టేజీలో ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు అని కండక్టరు రాసే కాగితం అది. నా చెయ్యి పెన్ను తీసింది. ఫలానా స్టేజీ, ఫైలు పట్టుకున్నవాళ్ళు ఆరుగురు. తరువాతి స్టేజీ, తొమ్మిది మంది. నిరుద్యోగిని గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. చంకలో ప్లాస్టిక్ ఫైలు, చేతిలో నీళ్ళ సీసా. చివరి స్టేజీలో అలా దిగినవాళ్ళు ఎనభై నలుగురు.

అక్కడి నుంచి బస్సు లేదు, కాలినడకే. షీటు మార్చాను. సర్వీసు అన్నచోట 'నడక' అని రాశాను. వాహనం నంబరు అన్నచోట 'కాళ్ళు రెండు' అని రాస్తుంటే మరదలు తొంగి చూసింది.

"నా దగ్గర మూడని రాయి బావా. కర్ర ఏం పాపం చేసింది?"

మైలు నడిచేసరికి అందరి చొక్కాలూ తడిసి నిరుద్యోగులమంతా నీరుద్యోగులమయ్యాం. తీరా వెళితే కౌంటరు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపుకు 'పనిచేయుట లేదు' అని అట్ట వేలాడుతోంది. నిరుద్యోగుల ఆఫీసులో లిఫ్టు కూడా నిరుద్యోగే, పాపం. అది తన కార్డుకు హాజరు వేయించుకోవడానికి పైకి ఎలా వెళ్తుందో.

మెట్లు అరవై. మరదలు ముప్పై ఎనిమిది ఎక్కింది. నేను పక్కనే లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదో మెట్టు దగ్గర పైనుంచి జనం దిగుతూ, "అయిపోయాయమ్మా" అన్నారు. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని కర్ర ఒళ్ళో పెట్టుకుంది. నేను పైకి పరిగెత్తాను. కౌంటరులో ఉన్న గుమాస్తా ఏమడిగినా 'రేపు రండి' అంటాడట, జనం అప్పటికే ఆయనకు రేపుగారు అని పేరు పెట్టేశారు.

"అయ్యా, మనిషి వచ్చింది. రెండో అంతస్తు దాకా ఎక్కింది. టైము పది కాలేదు. ఒక్కసారి కిందికి వచ్చి కార్డు మీద ముద్ర వేస్తే..."

"కౌంటరు కిందికి రాదండీ."

"మీరు రావచ్చుగా."

"నేను కౌంటర్లో ఉంటేనే నేను. మెట్ల మీద నేనెవర్ని?" అని రేపుగారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. "ఇంతకీ ఆవిడ మీకు ఏ వరుస?"

"ఇంట్లో మరదలి వరుసండి. ఇక్కడ నాకు ముందు వరుస."

ఆయన నవ్వలేదు. రెండో గైర్హాజరు పడింది. నేను షీటులో వ్యాఖ్యలు అన్న గడిలో రాశాను: 'ఒకరు. చంకకర్ర. ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కి దిగింది.'

తిరిగొచ్చేటప్పుడు మరదలు ఒక్క జోకూ వెయ్యలేదు. దాంతో నాకు భయం వేసింది. డిపో దగ్గర బస్సు దిగాం. డిపో గేటు పక్కన గోడకు ఒక రేకుపెట్టె ఉంటుంది. పని దిగిన కండక్టరు, ఇప్పుడైతే డ్రైవరు, ఆనాటి షీట్లను అందులో వేసి ఇంటికి పోతాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ చూసుకుంటే జేబులో షీట్లు లేవు. నా చెయ్యి ఇరవై రెండేళ్ళ అలవాటున వాటిని పెట్టెలో వేసి వచ్చేసింది. నన్ను ఆపేసిన సంగతి నాకైతే చెప్పారు గానీ, నా చేతికి ఎవరూ చెప్పలేదు.

తరువాతి సోమవారం నా పేరు రాయించుకోవడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. టోకెను దొరకలేదు. ఆ తరువాతి సోమవారమూ అంతే. ఆ నెలకు ఐదు సోమవారాలు. జనానికి నేను అలవాటైపోయాను. మెట్ల దగ్గర నా నోరు ఊరుకునేది కాదు, "దిగేవాళ్ళను దిగనివ్వండి, ముందుకు జరగండి, వెనక ఖాళీ ఉంది" అని అరిచేది. వాళ్ళూ జరిగేవాళ్ళు. చంటిబిడ్డతో వచ్చే వంటావిడ, కళ్ళు మసకైన వాచ్‌మన్, గోడలకు రంగులు వేసే ముసలాయన, అందరూ వచ్చి, "నాది కూడా రాసుకున్నారా?" అని అడిగి మరీ కార్డు నంబరుతో సహా రాయించుకునేవాళ్ళు. 'బిడ్డ ఏడ్చింది, నీడ లేక వెనక్కి.' 'మోకాళ్ళు, మొదటి అంతస్తు.' 'రెండు బస్సులు మారి వచ్చారు, మూడు నిమిషాలు ఆలస్యం.' రాసిందంతా పెట్టెలో పడేది. ఏ సోమవారానికి ఆ సోమవారం, ఈసారి వెయ్యకూడదు అనుకుంటూనే ఇంటికొచ్చి జేబు తడుముకునేవాణ్ణి.

ఐదో సోమవారం గడిచాక వచ్చిన శుక్రవారం నాడు డిపో నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆవిడ మిషను ఆపి చదివింది. 'నడక' అనే సర్వీసు డిపో రికార్డుల్లో లేదు. దాని పేరిట ఐదు వారాలుగా అందిన ట్రిప్ షీట్ల విషయమై సంజాయిషీ ఇచ్చేందుకు సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు డిపోలో హాజరు కావలెను. ఉపాధి కార్యాలయం ప్రధాన అధికారిణి కూడా వస్తారు.

"సోమవారం అంటే..." అంటూ మా ఆవిడ గోడ మీది క్యాలెండరు కేసి చూసింది.

అది మొదటి సోమవారం. మరదలి మూడో హాజరు.

"డిపోకు నేను పోను" అన్నాను. "మహా అయితే ఏం చేస్తారు, ఆపేసినవాణ్ణి మళ్ళీ ఆపేస్తారా? నిన్ను ఎత్తుకునైనా మూడో అంతస్తు ఎక్కిస్తాను."

"నీ నడుము పట్టేస్తే నిన్ను ఎవరు ఎత్తుకుని దింపుతారు?" అంది మరదలు. ఉత్తరం తీసుకుని ఆఖరి వాక్యం మళ్ళీ చదివింది. "బావా, ఆ పెద్దమేడమ్ సోమవారం డిపోకు వస్తుంది. ఆవిడ లేని మూడో అంతస్తు నాకెందుకు? నేనూ డిపోకే వస్తాను."

"అక్కడ కౌంటరు లేదు కదే. తొమ్మిదేళ్ళు పోతాయి" అంది మా ఆవిడ.

"అక్కడికి పోయినా టోకెను దొరక్క పోయేవే కదక్కా. ఇక్కడైతే కూర్చోడానికి కుర్చీ అయినా ఉంటుంది."

అత్తగారు అంతా చూస్తూ కూర్చుని, "ఆఫీసరు కదా, కారు పంపించరా?" అని మాత్రం అడిగారు.

డిపో మా ఇంటికి పది నిమిషాలు. సోమవారం తొమ్మిదింబావుకే వెళ్ళాం. కండక్టర్లు టికెట్ల డబ్బు అప్పజెప్పే పాత హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టారు. గోడకు ఆరు కిటికీలు, కండక్టర్లతో పాటు వాటినీ మూసేశారు. బల్లకు ఒకవైపు డిపో ట్రాఫిక్ అధికారి, పక్కన పెద్దమేడమ్, వెనక స్టూలు మీద, తన కౌంటరు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన రేపుగారు. నా ఐదు వారాల షీట్లు బల్ల మీద దొంతరగా ఉన్నాయి.

"లేని బస్సుకు షీటు రాస్తావా? మా సెక్షన్ వాళ్ళు ఇవన్నీ నిజమనుకుని ఎక్కించారు. పై ఆఫీసుకు పోయాయి" అన్నాడు ట్రాఫిక్ అధికారి. "చివరి స్టేజీ తరువాత నాలుగు వందల పన్నెండు మంది నడిచారట. ఏ సర్వీసులోనయ్యా?"

"వాళ్ళ సర్వీసులోనేనండి. నేను తోడు వెళ్ళానంతే."

పెద్దమేడమ్ ఇంకో కాగితం తీశారు. "మేము పంపిన లెక్క వేరే ఉంది. కొత్త భవనానికి మారాక హాజరు సగానికి పడిపోయింది. అంటే నగరంలో నిరుద్యోగం సగం తగ్గిందని రాశాం. ఈ రెండు కాగితాలూ పై ఆఫీసులో ఒకే బల్ల మీదకు వచ్చాయి. ఏది నిజమో ఈయన్నీ నన్నూ కూర్చుని తేల్చమన్నారు."

"మీది లోపలికి వచ్చినవాళ్ళ లెక్కండి. నాది బయటి నుంచి వెనక్కి పోయినవాళ్ళ లెక్క. దిగింది నాలుగు వందల పన్నెండు, టోకెన్లు దొరికింది డెబ్భై ఒక్కరికి, తిరిగొచ్చింది మూడు వందల నలభై ఒకటి. కండక్టరు లెక్క తప్పితే దారిలో ఎవరో పడిపోయినట్టు. తగ్గింది నిరుద్యోగం కాదండి, మోకాళ్ళలో సత్తువ."

మేడమ్ అద్దాలు పెట్టుకుని షీట్లు ఒక్కొక్కటే తిప్పారు. అంకెలు చూస్తున్నారనుకున్నాను. కాదు, వ్యాఖ్యలు చదువుతున్నారు. గోడ గడియారం తొమ్మిది నలభై దాటింది. మరదలు గడియారాన్ని చూడటం లేదు, మేడమ్ వేలిని చూస్తోంది. ఆ వేలు మొదటి వారం షీటు దగ్గర ఆగింది.

"ముప్పై ఎనిమిది మెట్లు. ఈ ఒకరు ఎవరు?"

"నేనేనండీ" అంది మరదలు.

"ఇవాళ మీ హాజరు రోజు కదా. ఆఫీసుకు వెళ్ళలేదేం?"

"వచ్చానండీ. ఆఫీసు అక్కడుంది గానీ, ఆఫీసరు ఇక్కడున్నారు. అందుకని ఇక్కడికి వచ్చాను."

"ఇంటి నుంచి ఎంతసేపు పట్టింది?"

"పది నిమిషాలు. గేటు దగ్గర ఒక్క మెట్టు ఉంది. ఒక్కటైతే ఎక్కగలనండీ."

మేడమ్ కళ్ళద్దాలు తీసి హాలంతా చూశారు. "ఆ కిటికీలు ఏమిటి?"

"పాత కౌంటర్లండి. కండక్టర్లు లేరు కాబట్టి మూసేశాం" అన్నాడు ట్రాఫిక్ అధికారి.

ఆవిడ లేచి, వెళ్ళి, మొదటి కిటికీ గడియ తనే తీశారు. మూణ్ణెల్ల దుమ్ము ఆవిడ చేతుల మీద పడింది. చీపురు కోసం లేవబోయిన రేపుగార్ని చేత్తో ఆపి, "ముద్ర తెచ్చారా?" అన్నారు.

"ఎప్పుడూ సంచిలోనే ఉంటుందండి. కానీ మేడమ్, కౌంటరు..."

"ఇదే కౌంటరు. అటువైపు వెళ్ళి కూర్చోండి."

రేపుగారు కిటికీ వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. కూర్చోగానే ఆయనకు తనెవరో గుర్తొచ్చినట్టుంది, మొహం తేటపడింది. మరదలు కర్ర మీద ఆనుకుని కిటికీ దాకా నడిచి కార్డు లోపలికి జరిపింది. గడియారంలో తొమ్మిది యాభై రెండు. ముద్ర పడిన చప్పుడు ఆ ఖాళీ హాల్లో బస్సు తలుపు మూసినట్టు వినిపించింది.

పాత అలవాటు, నా నోరు ఆగలేదు. "రైట్ రైట్" అన్నాను. ట్రాఫిక్ అధికారి నా వంక చూసి, ఏదో అనబోయి, తల దించుకుని నవ్వుకున్నాడు.

ఆ పైన పనులు చకచకా జరిగాయంటే నమ్మండి. ఇన్నాళ్ళూ ఒక మెట్టు దిగని ఆఫీసు ఏకంగా అరవై మెట్లు దిగి వచ్చింది. నెల తిరిగేసరికి డిపో హాల్లో ఆరు కిటికీలూ తెరిచారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా, టోకెన్లకు పరిమితి లేకుండా. గేటు దగ్గరి ఆ ఒక్క మెట్టునూ కొట్టేసి ఏటవాలు కట్టారు. పాత గైర్హాజర్లు దూరం వల్ల పడ్డవని మూడు వందల నలభై ఒక్కరి కార్డుల మీదా కొట్టేశారు. ఎవరెవరివో తెలియడానికి నా వ్యాఖ్యలే ఆధారం. నన్ను మళ్ళీ డిపోకు పిలిచారు. వరుస నడపడానికి, లెక్క రాయడానికి అనుభవం ఉన్న మనిషి కావాలని ఉపాధి ఆఫీసు అడిగిందట. నన్ను ఆపేసిన ఆర్డరును ఆపేశారు.

ప్రారంభం రోజున తొలకరి పడి వెలిసింది. మా వీధి వీధంతా వచ్చింది. వంటావిడ, వాచ్‌మన్, రంగుల ముసలాయన ముందు వరుసలో ఉన్నారు. మరదలు పెద్దాసుపత్రి నుంచి వచ్చిన పిలుపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ విప్పి చూపిస్తోంది. మా ఆవిడ ఆ రోజు మిషను ముట్టుకోలేదు.

పెద్దమేడమ్ మైకులో నన్ను పిలిచారు. నేను లేవకముందే ఇస్త్రీ అతను వెనక నుంచి, "మా ఆఫీసరు గారు వస్తున్నారు, దారివ్వండి" అని కేకేశాడు. మేడమ్ ఆశ్చర్యంగా చూశారు. ఏ ఆఫీసరని పక్కనున్న రేపుగార్ని అడుగుతున్నారు.

స్టేజీలు అరవడం నాకు పాత పనే గానీ, స్టేజీ ఎక్కి మాట్లాడటం కొత్త. మైకు పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"నేను ఆఫీసర్ని కానండీ, ఎప్పుడూ కాలేదు. వేసవి మొదట్లో నన్ను ఉద్యోగంలోంచి ఆపేశారు. ఇంటికొచ్చి ఆపేశారు అన్నాను. మిషను చప్పుడులో మా అత్తగారికి ఆఫీసరని వినపడింది. అప్పటి నుంచి మీరు పెట్టిన దండాలన్నీ ఆ మిషనుకు చెందుతాయి. క్షమించండి."

హాలంతా నవ్వు. ఇస్త్రీ అతను నా చొక్కా చేతుల మడతలకేసి బెంగగా చూసుకున్నాడు.

అప్పుడు మా అత్తగారు కుర్చీలోంచి లేచారు. ఆవిడకు మైకు అక్కర్లేదు.

"ఎవరికి తప్పు వినపడింది? నాకు పోయింది ఎడమ చెవి. నువ్వు నించుంది కుడి పక్కన. శుభ్రంగా వినపడింది, ఆపేశారని."

"మరి... ఆఫీసరని ఊరంతా..."

"ఆపేశారని ఊరంతా చెబితే నువ్వు మర్నాడు మంచం దిగేవాడివా? పలకరించడానికి వచ్చినవాళ్ళకు మొహం చూపించలేక గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. ఆఫీసరన్నాను కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని సోమవారం సోమవారం బయటికి పోయావు. పోయావు కాబట్టి రాశావు." ఆవిడ చిన్నకూతురి చేతిలోంచి పిలుపు కాగితం తీసుకుని మడతలు సరిచేశారు. "నాకు చెవుడన్న మాట ఒక్కటి అడ్డం పెట్టుకుని ఈ ఇంట్లో ఎన్ని పనులు నడిపించానో మీకెవరికీ తెలియదు. సరే, జనం నిలబడిపోయారు. వెళ్ళి నీ వరుస చూసుకో, ఆఫీసరూ."